ఎరుపు తగ్గితే కారం తగ్గినట్టేనా?

మా వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఒక పటం బాగా పరిచయం. మధ్యలో రంగుల చక్రం, దాని చుట్టూ మాటలు. ఎరుపు అంటే ఉత్సాహం, నీలం అంటే నమ్మకం, పసుపు అంటే ఆనందం, ఆకుపచ్చ అంటే ప్రకృతి, ఊదా అంటే రాజసం. కొత్తగా వ్యాపారం పెట్టే ప్రతివారూ దాన్ని ఎక్కడినుంచో సంపాదించి నా ఫోనుకు పంపిస్తారు. "మేడమ్, మాది నమ్మకమైన సంస్థ, కాబట్టి నీలం వేయండి" అంటారు. నమ్మకం నీలంలో దొరికేదే అయితే నల్లమందు అమ్మేవాడు కూడా నీలమే వేసుకుంటాడు కదండీ అని నాలుక చివరిదాకా వస్తుంది. బిల్లు ఇంకా రాలేదు కాబట్టి మింగేస్తాను.

నేను గుంటూరులో ప్యాకెట్లు, లేబుళ్ళు డిజైన్ చేస్తాను. కారం, పసుపు, పచ్చళ్ళు, అప్పడాలు, అప్పుడప్పుడు ఒక నూనె డబ్బా. రంగు మనసు మీద పనిచేయదని అనను. పనిచేయకపోతే నాకు బువ్వ ఎక్కడిది? అది పనిచేసే తీరు మాత్రం ఆ పటంలో ఎక్కడా లేదు. రంగుకు అర్థం డబ్బాలో నింపి రాదు. పక్కన ఏముంది, ఏ వెలుతురులో చూస్తున్నారు, చూసేవాళ్ళు ఏ ఊళ్ళో పెరిగారు అనే వాటినుంచి వస్తుంది.

మా ఊళ్ళో దీనికి మిర్చి యార్డును మించిన పాఠశాల లేదు. అక్కడ ఒక పూట నిలబడితే రంగుకు డబ్బు ఎలా కడతారో కనిపిస్తుంది. టిక్కీ అనే మిర్చి బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీసుకుని వెలుగులోకి తిప్పి చూస్తారు. రంగు పోయి తెల్లబారినది తాలు. దాని ధర ఎర్రకాయ ధరకు దరిదాపుల్లో ఉండదు. ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు కాయను ఎంత కాపాడతాయో దాని రంగునూ అంతే కాపాడతాయి. వేడి, వెలుతురు తగిలితే ఎరుపు పాలిపోతుంది.

తమాషా ఏమిటంటే ఎరుపుకూ కారానికీ చుట్టరికం లేదు. ఎరుపునిచ్చేది క్యాప్సాంథిన్ అనే పదార్థం. నోరు మండించేది క్యాప్సైసిన్, దానికి అసలు రంగే లేదు. కర్ణాటక బ్యాడిగి కాయ ముడతలు పడి ముదురెరుపుగా కంటికి నిప్పులా కనిపిస్తుంది. తింటే కారం తక్కువ. మన తేజ రకం కాయ సన్నగా ఉండి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. అందుకే మసాలా కంపెనీలు రంగుకు ఒక కాయ, కారానికి ఒక కాయ కలిపి పట్టిస్తాయి. యార్డులో హమాలీ నుంచి కమీషన్ ఏజెంటు దాకా అందరికీ తెలిసిన సంగతే ఇది. అయినా ఇంట్లో కారం డబ్బా మూత తీసినప్పుడు ఆ ఏజెంటు కళ్ళు కూడా ముందు ఎరుపునే వెతుకుతాయి.

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన ఈ మాటే అంటారు: "అమ్మా, ఎరుపు తగ్గితే కారం తగ్గినట్టే అనుకుంటారు జనం. నువ్వూ నేనూ ఏం చెప్పినా వినరు." పొడి విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆ నిజానికి ఒక చేదు వైపు కూడా ఉంది. కొనేవారి కన్ను ఎరుపు అడుగుతుందని తెలిసిన వాళ్ళు ఎరుపును బయటినుంచి తెచ్చి కలుపుతారు. సుడాన్ అని పిలిచే పారిశ్రామిక రంగులు నూనెలకు, మైనాలకు, పాలిష్‌లకు వాడేవి, తిండికి పనికిరానివి. 2003లో ఐరోపా దేశాలు భారత్ నుంచి వచ్చిన కారంలో ఆ రంగును పట్టుకుని, పరీక్ష పత్రం లేకుండా మిరప సరుకు రానివ్వబోమని కూర్చున్నాయి. 2005లో బ్రిటన్‌లో అదే రంగు ఒక సాస్ ద్వారా వందలాది తయారీ పదార్థాల్లోకి చేరిందని తేలి, దుకాణాల నుంచి వాటన్నిటినీ వెనక్కి తీయించారు. ఈ కథంతటికీ మూలం మన వంటింట్లో డబ్బా మూత తీసిన ఆ ఒక్క చూపు.

పసుపుది ఇంకా ఘోరం. బంగ్లాదేశ్‌లో 1980లలో వచ్చిన పెద్ద వరదల తరవాత పసుపు కొమ్ములు సరిగా ఎండక మసకబారాయి. మసకబారిన పసుపును ఎవరూ కొనడం లేదని కొందరు లెడ్ క్రోమేట్ పూయడం మొదలుపెట్టారు. అది గోడలకు, యంత్రాలకు వేసే పసుపుపచ్చ పెయింటులో ఉండే సీసపు రంగు. వరద పోయినా అలవాటు పోలేదు. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి ఈ పసుపే ప్రధాన కారణమని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఢాకాలోని వారి సహచరులు బయటపెట్టారు. తరవాత ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసి, జరిమానాలు వేసి, వార్తల్లో మోగించింది. 2019లో దాదాపు సగం నమూనాల్లో కనిపించిన సీసం 2021 నాటికి కనిపించకుండా పోయింది. దుగ్గిరాల నుంచి పసుపు తెచ్చి పొడి చేసే ఒకరు నన్ను ప్యాకెట్టు మీద పొడి బొమ్మను "ఇంకొంచెం మెరిపించమని" అడిగినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది. నిజమైన పసుపు పొడి రంగు ఎంతో అంతే వేస్తాను. బొమ్మలో మెరిపిస్తే రేపు పొడిని కూడా మెరిపించాల్సి వస్తుంది.

పెద్దాయన ప్యాకెట్టు సంగతికి వస్తాను. పొడి ఎర్రగా ఉండాలన్నారు, బాగుంది. ప్యాకెట్టు కూడా ఎర్రగానే ఉండాలన్నారు. అక్కడ పేచీ వచ్చింది. ఆయనను వెంటబెట్టుకుని బ్రాడీపేటలో ఒక కిరాణా కొట్టుకు వెళ్ళి కారం ప్యాకెట్లు వేలాడే తీగ చూపించాను. అన్నీ ఎరుపే. ఆయన ప్యాకెట్టు కూడా అందులోనే ఉంది. వెతికి పట్టుకోవడానికి ఆయనకే కాసేపు పట్టింది.

ఒకే రకం వస్తువుల మధ్య వేరుగా ఉన్నదే మనసులో నిలుస్తుందని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లోనే చూపించింది. పదిమంది ఎరుపు వేస్తే పదకొండో ఎరుపు "ఉత్సాహం" కాదు, మరుగు. నేను ముదురాకుపచ్చ వేద్దామన్నాను. కారానికి ఆకుపచ్చా అని ఆయన ముఖం పెట్టారు. ఆకుపచ్చ అడుగున వేస్తే దాని మీద కారం పొడి బొమ్మ మరింత ఎర్రగా కనిపిస్తుందని నమూనా తీసి చూపించాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. పారిస్‌లో గోబెలిన్స్ అనే తివాచీల కార్ఖానాలో 1820లలో అద్దకపు విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా ఉండేవాడు. నల్ల దారం సరిగా నల్లగా రావడం లేదని నేతగాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆయన రంగును పరీక్షించాడు. రంగులో లోపం లేదు. నలుపు పక్కన నేసిన నీలాలూ ఊదాలూ దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. ఆ ఫిర్యాదు పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేసి 1839లో పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. నా దృష్టిలో రంగు మనస్తత్వం గురించి తెలుసుకోవలసిన మొదటి పాఠం అదే. రంగును తిట్టేముందు పక్కింటివాళ్ళను చూడాలి. మామిడాకుల మధ్య బంతిపూలు గుచ్చే మన తోరణంలో ఈ లెక్కంతా ఉంది. షెవ్రల్ పేరు వినకుండానే మన అమ్మమ్మలు వాడేశారు.

చివరికి పెద్దాయన సగానికి ఒప్పుకున్నారు. కిలో ప్యాకెట్టు ఎరుపే, వంద గ్రాముల ప్యాకెట్టు ఆకుపచ్చ. కిలోది హోటళ్ళవాళ్ళు కొంటారు, వాళ్ళు చూసేది ధరను. కొన్నాళ్ళకు ఆయన ఫోన్ చేసి కొట్లలో జనం "ఆకుపచ్చ ప్యాకెట్టు కారం ఇవ్వండి" అని అడుగుతున్నారని చెప్పారు. బ్రాండు పేరు ఎవరూ పలకడం లేదని కాస్త నొచ్చుకున్నారు కూడా. పేరంటే అదేనండీ అన్నాను. చదువు రానివారికి, కళ్ళజోడు ఇంట్లో మరిచినవారికి, కొట్టుకు పంపిన ఎనిమిదేళ్ళ పిల్లవాడికి రంగే పేరు.

పెద్ద కంపెనీలు రంగుల కోసం కోర్టుకెక్కేది అందుకే. క్యాడ్‌బరీ వాళ్ళు తమ ఊదా రంగును బ్రిటన్‌లో తమ పేరిట నమోదు చేయించుకోబోతే నెస్లే అడ్డుపడింది. 2012లో క్యాడ్‌బరీ గెలిచింది, 2013లో పై కోర్టులో ఓడింది. ఏళ్ళ తరబడి ఆ లాయర్లు వాదించింది ఊదా రాజసమా కాదా అని కాదు. ఆ ఒక్క ఛాయను చూస్తే జనానికి ఎవరి చాక్లెట్టు గుర్తొస్తుంది, ఆ హక్కును కాగితం మీద ఎంత స్పష్టంగా రాశారు అన్నదే గొడవ.

నీలం నమ్మకమన్న మాటకు ఉదాహరణగా అందరూ ఫేస్‌బుక్‌ను చూపిస్తారు. దాని యజమాని మార్క్ జుకర్‌బర్గ్‌కు ఎరుపు, ఆకుపచ్చ సరిగా కనబడవు. నీలమే తనకు అన్నిటికంటే బాగా కనిపించే రంగని 2010లో ఆయనే చెప్పుకున్నాడు. బ్యాంకులు చూడండి. స్టేట్ బ్యాంకు నీలమే. కోటక్ ఎరుపు, బ్యాంక్ ఆఫ్ బరోడా నారింజ. నారింజ బోర్డు చూసి డబ్బు దాచుకోవడానికి భయపడినవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఎరుపు ఆకలి పుట్టిస్తుందన్న మాట కూడా అలాంటిదే. హోటల్ బోర్డులన్నీ ఎరుపు, పసుపు ఎందుకంటే దూరం నుంచి కనబడడానికి, ముందు పెట్టినవాళ్ళు అలా పెట్టారు కాబట్టి వెనక వచ్చినవాళ్ళూ పెట్టారు. 2012లో ఓలివర్ గెన్‌ష్‌వో, అతని సహచరులు ఎర్ర పళ్ళెంలో, నీలం పళ్ళెంలో చిరుతిళ్ళు పెట్టి చూస్తే ఎర్ర పళ్ళెంలో పెట్టినవి తక్కువ తిన్నారు. ఎర్ర గుర్తున్న కప్పులో పోసిన పానీయమూ తక్కువే తాగారు. ఎరుపు "ఆగు" అని కూడా చెబుతుంది కదా. ఆకలి పటం ఈ అధ్యయనాన్ని ఎందుకో తనలో చేర్చుకోలేదు.

ముందు రంగు ఎంచుకుని తరవాత అర్థం రాసుకోవడం మన దగ్గర ప్రభుత్వ స్థాయిలోనూ జరిగింది. పార్టీల సంగతి పక్కన పెట్టి రంగుల వరకే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేశారని వివాదం వచ్చింది. వాటిని తీసేయమని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. తరవాత వచ్చిన ఉత్తర్వులో ఆ రంగులకు మట్టిరంగు కూడా చేర్చి, ఒక్కోదానికి అర్థం చెప్పారు. ఆకుపచ్చ పంటలకు, నీలం నీటి సంపదకు, తెలుపు పాడికి, మట్టిరంగు నేలకు గుర్తని. వినడానికి ఏ బ్రాండు పుస్తకంలోనైనా ఒదిగిపోయే మాటలే. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. గోడ చూసిన ఊరివాళ్ళకు ఏం గుర్తొస్తుందన్నదే చివరికి నిలిచింది, గోడ కింద రాసిన వివరణ నిలవలేదు. డిజైన్ చదివే పిల్లలకు ఈ కేసును పాఠంగా పెడితే బాగుంటుంది.

పడమటి దేశాల పుస్తకాల్లో గులాబీ అంటే సుకుమారం, ఆడపిల్లల గది. 2001లో టీఆర్ఎస్ పుట్టింది మొదలు తెలంగాణలో గులాబీ కండువా అంటే బహిరంగసభ, జీపులు, మీసాలు మెలేసిన నాయకులు. తెలుపు మన దగ్గర చావింటి రంగు అంటారు. అదే తెలుపు పెళ్ళిపీటల మీద మధుపర్కాల రంగు. మన క్రైస్తవ పెళ్ళికూతురి చీర కూడా తెలుపే. నలుపు శుభకార్యానికి పనికిరాదనే అమ్మలే కూతురి మెడలో నల్లపూసలు లేకపోతే ఊరుకోరు. ఒక్క ఊళ్ళోనే ఒక రంగుకు ఇన్ని ముఖాలుంటే, ప్రపంచమంతటికీ ఒకే పటం ఎలా సరిపోతుంది?

గోడల దగ్గర ఈ పిచ్చి ఇంకా ముదురుతుంది. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ జైలు గది ఒకదానికి అలెగ్జాండర్ షాస్ సలహా మీద ఒక గులాబీ రంగు వేశారు. ఒక గాలను తెలుపులో ఒక పైంటు ఎరుపు కలిపితే వచ్చే రంగు అది. ఖైదీలు శాంతించారని గొప్పగా చెప్పుకున్నారు. ఆ జైలు అధికారుల పేర్లు కలిపి దానికి బేకర్-మిల్లర్ గులాబీ అని పేరు పెట్టారు, చాలా జైళ్ళు అనుసరించాయి. ఎర్ర పళ్ళెం పరీక్ష చేసిన గెన్‌ష్‌వోనే స్విట్జర్లాండ్ జైల్లో దీన్ని పద్ధతిగా మళ్ళీ పరీక్షించాడు. గులాబీ గదికీ తెల్ల గదికీ ఖైదీల దూకుడులో తేడా ఏమీ కనబడలేదని 2015లో అచ్చయింది. గోడకు రంగు వేయడం, ఖైదీల మీద శ్రద్ధ పెట్టడం ఒకేసారి జరిగితే ఘనత ఎవరిదో తేల్చడం కష్టం.

టెక్సాస్‌లో నాన్సీ క్వాలెక్ బృందం తొమ్మిది రంగుల గదుల్లో గుమాస్తా పని చేయించి 1996లో ప్రకటించిన ఫలితం నాకు మహా ఇష్టం. తెల్ల గదిలో కూర్చుని ప్రూఫు దిద్దినవాళ్ళు ఎరుపు, నీలం గదుల్లోవాళ్ళకంటే ఎక్కువ తప్పులు వదిలేశారు. ఏ గదిలో పనిచేయాలని ఉందని అడిగితే మాత్రం తెలుపు, లేత గోధుమ వైపే మొగ్గారు. నచ్చేది వేరు, పనికొచ్చేది వేరు. హైదరాబాదులో తెల్లటి టేబుళ్ళు, తెల్లటి గోడలు, తలమీద తెల్లటి లైట్ల కింద కూర్చునే మా తమ్ముడికి ఇది చదివి వినిపిస్తే, "అక్కా, మా ఆఫీసులో తప్పులకు రంగు కారణం కాదు, మా మేనేజరు" అన్నాడు.

పనిచేసే చోట నాకు నమ్మకమున్న రంగులు రెండే. రెంటికీ కారణం కంట్లోనే ఉంది. ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ ఒకటి. ఎర్రటి రక్తం వంక చాలాసేపు చూసిన కన్ను తెల్ల గుడ్డ మీదకు మళ్ళితే అక్కడ ఆకుపచ్చ నీడలు తేలతాయి. గుడ్డే ఆకుపచ్చగా ఉంటే ఆ నీడలు కనబడవు, కన్ను సేదదీరుతుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడు తన ఆపరేషన్ గదికి పాలకూర రంగు వేయించాడు. అక్కడినుంచి లోకమంతా పాకింది.

రెండోది నేను రోజూ కూర్చునే ప్రెస్సులో ప్రూఫు, అంటే అచ్చు నమూనా, చూసే గది. గోడలు బూడిద రంగు, ఎటూ మొగ్గని బూడిద. పైన పగటి వెలుగును పోలిన 5000 కెల్విన్ లైట్లు. చూడ్డానికి సమాధిలా ఉంటుందని వచ్చినవాళ్ళంతా అంటారు. యజమాని కొడుకు చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో, సిబ్బందిలో చురుకు పెరగాలని ప్రెస్సంతా నారింజ వేయిస్తానన్నాడు. మిగతా ప్రెస్సు నీ ఇష్టం బాబూ, ఈ గది మాత్రం ముట్టుకోవద్దన్నాను. నారింజ గోడ వెలుగు ప్రూఫు మీద పడితే ప్రతి నీలమూ మసకగా, ప్రతి తెలుపూ మురికిగా కనిపిస్తుంది. మేము మెషిన్ మీద సయాన్ అనే నీలపు సిరా పెంచుకుంటూ పోతాం, బయట ఎండలో చూసేసరికి నీలం ఎక్కువైన ప్యాకెట్లు లారీ ఎక్కుతుంటాయి. గది బూడిదగానే ఉంది. ప్రెస్సు మిగతాదంతా ఇప్పుడు నారింజ. చురుకు సంగతి యజమాని కొడుకునే అడగాలి.

బోర్డులు వేయించుకునేవారికి ఒక్క మాట. గుంటూరు ఎండలో ఫ్లెక్సీ మీద ముందు పోయేవి ఎరుపునిచ్చే మజెంటా, పసుపు. రెండు వేసవులు గడిస్తే మీ ఉత్సాహం లేత గులాబీ అవుతుంది, సయాన్ మాత్రం మిగులుతుంది. పాత సినిమా పోస్టర్లన్నీ నీలంగా కనిపించేది అందుకే. బడ్జెట్టులో బోర్డు మార్పు రాసుకోండి, లేకపోతే ఎరుపు జోలికి పోకండి.

ఇన్ని మాటల్లో రంగు కనబడనివారి ఊసు ఎవరూ ఎత్తరు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు ఐరోపా సంతతి మగవాళ్ళలో సుమారు 8 శాతం. మన దేశంలో అంతకంటే తక్కువే అయినా కోట్లలో ఉంటారు. మన తిండి ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. అలాంటివారికి ఈ రెండూ ఒకటే చుక్క. ఆహార భద్రతా సంస్థ 2020 నాటి లేబుల్ నిబంధనల్లో మాంసాహారపు చుక్కను త్రిభుజంగా మార్చింది. చిన్న మార్పు, గొప్ప మార్పు. రంగు చెప్పేదాన్ని ఆకారం కూడా చెప్పింది.

అప్పటినుంచి నా దగ్గర ఏ ప్యాకెట్టయినా మొదట నలుపు తెలుపుల్లోనే తయారవుతుంది. మామూలు కారానికీ ఎక్కువ కారానికీ తేడా చారల సంఖ్యతో తెలియాలి, పచ్చడి రకాలకు తేడా బొమ్మతో తెలియాలి. అది కుదిరాకే రంగు తెరుస్తాను. వ్యాపారులకు ఈ దశ అసలు నచ్చదు. "రంగెప్పుడు వేస్తారమ్మా?" అని పెద్దాయన రోజూ అడుగుతున్నారు. ఈసారి ఆయన వెల్లుల్లి కారం తెస్తున్నారు. కిరాణా కొట్టులో ఆ తీగ ఫోటో తీసి పంపమన్నాను, ఇంకా పంపలేదు.